దొర కూర్చున్న గుమ్మం

దొర ఎవరి ముందైనా కూర్చున్నాడంటే వాళ్ళ పని అయిపోయినట్టే. అలాంటివాడు ఆ పొద్దున్న బస్టాండులో ప్రయాణికుల వరసంతా వదిలేసి, వెనక్కి తిరిగి వచ్చి, తన గొలుసు పట్టుకున్న మనిషి ముందే కూర్చున్నాడు.

దొర అంటే మనిషి కాదు, గంజాయి వాసన పట్టే పోలీసు జాగిలం. మొరగడు, కరవడు, మీదకి ఎగబడడు. వాసన తగిలిన చోట చడీచప్పుడు లేకుండా కూర్చుంటాడు, అంతే. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు కదా, దొరకబుచ్చుకునేవాడే అసలైన దొర అని ఇన్‌స్పెక్టరు వాడికా పేరు పెట్టాడు. గొలుసు పట్టుకున్న ఆవిడ ఆరేళ్ళుగా వాడితోనే పని చేస్తోంది. ఇంట్లో ఆవిడని చిట్టి అంటారు. ముప్పై దాటినా చిట్టే. మనమూ అలాగే అందాం.

"ఏంటమ్మా, దొరగారు నిన్నే అరెస్టు చెయ్యమంటున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. వరసలో నిలబడ్డవాళ్ళు గొల్లున నవ్వారు. చిట్టి కూడా నవ్వుదామనుకుంది గాని నవ్వలేకపోయింది. ఎందుకంటే దొర ఆవిడ మొహంలోకి చూడటం లేదు, నడుముకున్న సంచీకేసి చూస్తున్నాడు. ఆ సంచీలో వాడి తువ్వాలు ఉంది.

ఈ తువ్వాలు సంగతి ముందు చెప్పుకోవాలి. జాగిలాలకి గంజాయి మీద మోజు ఉంటుందని జనం అనుకుంటారు. అదంతా ఉత్తమాట. దొరకి గంజాయి అంటే ఏమిటో తెలియదు. వాడికి తెలిసింది తువ్వాలాట ఒక్కటే. చిన్నప్పుడు చుట్ట చుట్టిన తువ్వాలు ఇచ్చి, ఒక కొస వాడు, ఒక కొస మనిషి పట్టుకుని లాగే ఆట నేర్పుతారు. తరవాత ఆ తువ్వాలుని గంజాయి పొట్లంతో కలిపి డబ్బాలో మూసి ఉంచుతారు. వాసన తువ్వాలుకి పట్టేస్తుంది. ఇక ఆ వాసన ఎక్కడ తగిలినా నా తువ్వాలు ఇక్కడుందని పాపం కుక్క అనుకుంటుంది. కూర్చుంటుంది. అప్పుడు కుక్కని నడిపించే హ్యాండ్లరు ఏ వాసనా లేని తువ్వాలు తీసి విసరాలి. కూర్చున్న కుక్కకి తువ్వాలు ఎగ్గొట్టకూడదు, అది వాళ్ళ వృత్తిలో మొదటి నీతి. నాలుగుసార్లు మోసం చేస్తే కుక్క మనసు విరిగిపోతుంది, ఇక ఎక్కడా కూర్చోదు.

అందుకని విసిరే తువ్వాలుని చిట్టి స్వయంగా ఇంటికి తీసుకెళ్ళి, సబ్బు కూడా లేకుండా ఒట్టి వేడినీళ్ళలో ఉతికి తెస్తుంది. దానికి ఏ వాసనా ఉండకూడదు. ఉండదు కూడా.

"నీళ్ళు తాగి వస్తాను సార్," అని దొరని స్తంభానికి కట్టి, ఆడవాళ్ళ మరుగుదొడ్డిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తువ్వాలు తీసి ముక్కుకి ఆనించుకుంది. పచ్చిగా, ఘాటుగా, గడ్డి కుళ్ళినట్టు. ఆరేళ్ళుగా శిక్షణ డబ్బాల్లో పీల్చిన వాసన. పొరపాటు పడటానికి వీల్లేదు. ఉతికిన దగ్గర్నుంచి ఆ తువ్వాలు ఇల్లూ, ఈ సంచీ తప్ప ఇంకెక్కడా లేదు.

చిట్టి పై ప్రాణాలు పైనే పోయాయి. గోడకి ఆనుకుని నిలబడింది. అక్క అన్నం తింటోంది కదా, అదా సంగతి అనుకుంది.

అక్కే ఆవిడకి అమ్మ. అసలు అమ్మ పోయినప్పుడు చిట్టిని చంకనెత్తుకున్నది అక్కే. పెళ్ళి చేసుకుని వెళ్ళేటప్పుడు కూడా, "ఇది నాతోనే వస్తుంది, ఇష్టమైతే చేసుకోండి," అని షరతు పెట్టి మరీ వెంట తీసుకెళ్ళింది. ఇప్పుడు అక్కా, బావా, తనూ ముగ్గురూ చిట్టికి ఇచ్చిన పోలీసు క్వార్టర్లో ఉంటున్నారు. అక్కకి కడుపులో కాన్సరు. ఆసుపత్రిలో మందు ఎక్కించిన ప్రతిసారీ వాంతులు. జుట్టు పోయింది, చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కంచం చూస్తేనే కళ్ళు మూసుకునేది. వాంతులు ఆగడానికి డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా వాంతిలోనే పోయేవి. అలాంటి మనిషి ఈ మధ్య ఒక సాయంత్రం, "చిట్టీ, ఆకలేస్తోందే," అంది. ఆ మాటకి బావ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాడు. ఏదో మూలికల పొడి దొరికిందని, పని చేస్తోందని చెప్పాడు. ఆ పొడి ఇచ్చినవాడు చల్లగా ఉండాలని చిట్టి కూడా దణ్ణం పెట్టుకుంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని, దొర పట్టేశాడు.

బయటికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"మధ్యాహ్నం ఇక్కడ ఆపేద్దాం. మన క్వార్టర్ల మీదే ఫిర్యాదు వచ్చింది. మెట్ల దగ్గర అదో రకం వాసన వస్తోందని ఎవరో పై అధికారులకి చెప్పారట. మన కొంపలోనే పెట్టుకుని ఊరందరి సంచులూ వెతుకుతున్నామంటే పరువు పోతుంది. దొరని తీసుకురా, ఇంటింటికీ తిప్పుదాం."

"అలాగే సార్," అంది చిట్టి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానం వచ్చింది.

అక్కకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. తిన్నాక అక్కకి ఇప్పుడు ఒళ్ళు తెలియని నిద్ర పడుతోంది. ఆ నిద్ర కోసం ఎన్నాళ్ళు మొక్కుకున్నారో! ఇప్పుడు అదే నిద్ర మీద చిట్టికి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. బావ సిటీ బస్సు డ్రైవరు, బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోడు. ఆఖరి స్టాపులో బండి ఆపాక తనే చేశాడు.

"బావా, అక్కకి పెడుతున్న పొడి ఏంటి?"

అవతల బావ బస్సు దిగి దూరంగా నడిచిన చప్పుడైంది.

"బావా!"

"నీకు తెలిసిపోయిందా?"

"ఎక్కడుంది?"

"బీరువాలో. రేకు డబ్బాలో. వెన్నలో వేసి వేడి చేసి ఇస్తున్నా. నువ్వు డ్యూటీకెళ్ళాకే చేస్తున్నాలే, కిటికీలన్నీ తీసి."

"ఆ కిటికీల్లోంచే మెట్ల మీదకి పోయింది నీ వాసన! నా తువ్వాలుకి ఎలా అంటింది?"

"నీ తువ్వాలా? ఓరి దేవుడో... మీ అక్క. వానలకి మందు చెమ్మగిల్లుతుందని, మెత్తగా ఉంది కదాని నీ తువ్వాలులో డబ్బాని చుట్టి పెట్టింది. నేను చూసి కూడా ఏమీ అనలేదు. నాకేం తెలుసు?"

అంటే శిక్షణలో వాసన పట్టించడానికి ఏం చేస్తారో అక్క తెలియకుండా అచ్చం అదే చేసింది. చిట్టికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇప్పుడే వెళ్ళి పారబొయ్యి."

"తిరుగు ట్రిప్పుకి యాభై మంది ఎక్కి కూర్చున్నారే! నడిరోడ్డు మీద దించెయ్యనా?" బావకి కోపం వచ్చింది. "అయినా నేనేం తప్పు చేశాను? మా డిపో ఎదురుగా మందు షాపు పొద్దున్నే తెరుస్తారు. లైసెన్సుంది, బోర్డుంది, రంగు లైట్లున్నాయి. అది తాగి మా వాళ్ళు ముగ్గురు పోయారు. దాన్నెవడూ ఆపడు. మా ఆవిడ పిడికెడు మెతుకులు తినడానికి మాత్రం నేను దొంగలా సందులోకి పోవాలి. మొహం కూడా చూపించనివాడి చేతిలోంచి పొట్లం తీసుకోవాలి. అందులో ఏం కలిపాడోనని ముందు నేను తిని చూశాను, తెలుసా? మందుల షాపులో సీసా మీద రాసి అమ్మితే నాకీ ఖర్మేంటి?"

"బావా, ఉపన్యాసం సాయంత్రం ఇద్దువుగాని. ఇప్పుడు మనింటికి పోలీసు కుక్క వస్తోంది."

"ఎవరి కుక్క?"

"నాదే."

పోలీసు వాహనంలో వెనక దొర, ముందు ఇన్‌స్పెక్టరు, పక్కన చిట్టి. పట్టుబడితే ఏమవుతుందో తెలియనివాళ్ళకి భయం తక్కువ. చిట్టికి అంతా తెలుసు. ఆ మధ్య ఒకావిడ చేతిసంచీ ముందు దొర కూర్చుంటే, "మా ఆయనకమ్మా, అన్నం సయించడం లేదు," అని ఆవిడ ఏడ్చింది. అందరూ చెప్పేదే కదా అని చిట్టి తువ్వాలు విసిరి దొర వీపు తట్టింది. ఆవిడకి ఇంకా బెయిలు రాలేదు. రిమాండు గదిలో నేల మీద అక్కని ఊహించుకుంది. అక్కడ వాంతి చేసుకుంటే పట్టుకునేవాళ్ళెవరు?

"సార్," అంది. "రోగాలున్నవాళ్ళకి మందుగా ఇవ్వచ్చు, చట్టం మార్చాలి అంటున్నారు కదా. మీరేమంటారు?"

ఇన్‌స్పెక్టరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఒట్టి ఆకే కదా అనేవాళ్ళని మా ఇంటికి రమ్మను. మా తమ్ముణ్ణి చూపిస్తాను. కాలేజీలో మొదలెట్టాడు. ఇప్పుడు గోడతో మాట్లాడతాడు. అన్నం నేను కలిపి పెట్టాలి." కిటికీ అద్దం దించాడు. "మనం ఇన్నేళ్ళుగా పట్టుకుంటున్నా తగ్గలేదు, అది నాకూ తెలుసు. మనం సంచులు వెతికితే వాళ్ళు టైర్లలో పెడతారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. కానీ తలుపు బార్లా తీసేస్తే? మా వాడిలాంటివాళ్ళు ఇంకెంతమందవుతారో ఎవడు చెప్తాడు?"

ఆయనది అబద్ధం కాదు, బావది అబద్ధం కాదు. మధ్యలో చిట్టి అడకత్తెరలో పోకచెక్క.

క్వార్టర్లలో కింది అంతస్తు అయిపోయింది. దొర తలుపుల సందుల్లో ముక్కు పెట్టి, తోక ఆడిస్తూ, పిల్లలు చప్పట్లు కొడుతుంటే పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు. రెండో అంతస్తు మెట్లెక్కేటప్పుడు వాడి తోక బిగుసుకుంది. చిట్టికి ఆ బిగుసుకోవడం తెలుసు. గొలుసు దగ్గరికి లాగి, కాలితో పక్కకి నెట్టి, గబగబా ఎదురింటి తలుపు దగ్గరికి నడిపించింది. హ్యాండ్లరు చెయ్యకూడని పని అది. ఇంతకుముందెప్పుడూ చెయ్యలేదు. దొర ఆశ్చర్యంగా ఆవిడకేసి చూశాడు. ఎదురింటి తలుపు మర్యాదకి ఒకసారి వాసన చూసి, చక్కగా వెనక్కి తిరిగి, చిట్టి ఇంటి గుమ్మం ముందు కూర్చున్నాడు.

పిల్లల చప్పట్లు ఆగిపోయాయి. చిట్టికి పారిపోవాలనిపించింది. ఎక్కడికి పారిపోతుంది, తన ఇల్లే కదా!

లోపల గడియ తీసిన చప్పుడైంది. అక్క ఎడమచేత్తో తలుపు తీసింది. నెత్తికి చున్నీ చుట్టుకుంది. కుడిచేయి నిండా అన్నం మెతుకులు. ఇప్పుడే లేచి ఆకలేసి పెట్టుకున్నట్టుంది.

"అరె, మన దొరే!" అంది అక్క. మొహం వెలిగిపోయింది. చెప్పగా వినడమే గాని అక్క వాణ్ణి చూడటం అదే మొదలు. "ఎంత బుద్ధిగా కూర్చున్నాడో చూడు, మా నాయనే! ఏమే, అలా నిలబడ్డావేం? విసరవే వాడి తువ్వాలు! కూర్చున్నవాణ్ణి మోసం చెయ్యకూడదని రోజూ నాకు చెప్తావుగా!"

ఇన్‌స్పెక్టరు చిట్టి వైపు తిరిగాడు.

ఆ క్షణంలో చిట్టికి పొద్దుటి నవ్వులు గుర్తొచ్చాయి. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది.

"సార్, వీడు పొద్దున్నుంచీ ఇంతే," అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నా ముందు కూర్చున్నాడు, మీరే చూశారు. తువ్వాలుకి వాసన పట్టింది సార్. శిక్షణ డబ్బాలోది పొరపాటున ఇంటికి తెచ్చి ఉతికాను. ఇది మా ఇంట్లోనే ఆరింది, గుమ్మమంతా అదే వాసన. తప్పు నాది. దొర ఇవాళ పనికిరాడు."

పనికిరాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పని నోరులేని ప్రాణి గురించి అంది ఆ మాట. దొర ఇంకా కూర్చునే ఉన్నాడు, సంచీకేసి చూస్తూ, నేలని తోకతో తుడుస్తూ.

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపాడు. తువ్వాలు తీసుకుని వాసన చూశాడు. తరవాత అక్కని చూశాడు, చున్నీ కింద లేని జుట్టునీ, మోచేతి దగ్గరున్న గాజునీ, చేతిలో మెతుకులనీ.

"భోంచేస్తున్నారామ్మా?"

"అవును బాబూ, లోపలికి రండి, తిందురుగాని. ఇన్నాళ్ళూ మెతుకు దిగలేదు. ఇప్పుడిప్పుడే తినగలుగుతున్నా."

ఆయన లోపలికి వెళ్ళలేదు. తువ్వాలు మడిచి తన దగ్గరే పెట్టుకున్నాడు. చిట్టితో మాత్రం మెల్లగా అన్నాడు: "రేపు పొద్దున్న వేరే జాగిలాన్ని తెప్పిస్తాను, వేరే హ్యాండ్లరుతో. అది కూడా ఇక్కడే కూర్చుంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆయనకి తెలిసిందో లేదో చిట్టికి ఈనాటికీ తెలియదు. దొర మాత్రం లేవలేదు. లాగినా లేవలేదు. చివరికి చంటిపిల్లాడిలా ఎత్తుకుని మెట్లు దించాల్సి వచ్చింది. చిట్టి భుజం మీంచి వాడు ఆ గుమ్మానికేసే చూస్తున్నాడు.

ఇంకా ఎండ పోకముందే చిట్టి ఇంటికి వచ్చి బీరువా తెరిచింది. డబ్బా తెచ్చి మరుగుదొడ్డిలో పారబోసి, నీళ్ళ మీద నీళ్ళు వదిలింది. డబ్బాని నలగ్గొట్టి దూరంగా పారేసి వచ్చింది. అరలన్నీ సోడా నీళ్ళతో కడిగింది, బట్టలన్నీ ఉడకబెట్టింది, వెన్న కాచిన గిన్నెని కూడా వదల్లేదు. వాసన ఎక్కడెక్కడ దాక్కుంటుందో ఆవిడకి తెలుసు కాబట్టి, ఎంత కడిగినా మిగిలిందనే అనిపించింది. బావ డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు, సొంత ఇంట్లో దొంగలా. అక్క మంచం మీద కూర్చుని ఇద్దరినీ చూసింది. ఏమిటే అని అడగలేదు.

మర్నాడు వచ్చిన జాగిలం బక్కపలచటి ఆడకుక్క. గుమ్మం దగ్గర ఆగింది. ముక్కు పైకెత్తింది. వెనక కాళ్ళు వంగినట్టే అనిపించి చిట్టి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అది పై అంతస్తు మెట్లెక్కుతోంది.

"కడిగిన ముత్యం మన క్వార్టర్లు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "గట్టిగా పట్టుకుంటే గంజాయి ఎందుకు ఆగదమ్మా? ఆగుతుంది."

దొరకి కొత్త తువ్వాలు ఇచ్చి మళ్ళీ పరీక్ష పెట్టారు. అన్నీ సరిగ్గా చూపించాడు. వారం తిరక్కుండానే బస్టాండుకి వచ్చేశాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అక్కకి ఆ వారంలోనే ఆసుపత్రిలో మళ్ళీ మందు ఎక్కించారు.

చిట్టి డ్యూటీ దిగి వచ్చేసరికి కంచం మంచం పక్కన అలాగే ఉంది. ఒక్క ముద్ద కలిపిన గుర్తు ఉంది, తిన్న గుర్తు లేదు. కింద బకెట్టు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఒక్క ముద్ద అక్కా. నేను పెడతా."

"వద్దే. నువ్వు తిను." ఇటు తిరిగింది. "దొరకి తువ్వాలు విసిరావా ఇవాళ?"

"విసిరాను."

"ఎవరి దగ్గర కూర్చున్నాడు?"

"ఎవడో కుర్రాడు. వీపుకి సంచీ వేసుకున్నాడు."

అక్క చిట్టి చెయ్యి పట్టుకుంది. అక్క చేతిలో ఎముకలు తప్ప ఏమీ లేదు. గొంతు తగ్గించి, గోడలు వింటాయేమో అన్నట్టు అడిగింది.

"చిట్టీ, నాకు ఆ రోజు గుమ్మం దగ్గరే అర్థమైందిలే, నువ్వు అబద్ధమాడుతుంటే. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా. కానీ మీ బావకి ఆ పొడి ఇచ్చే మనిషి మళ్ళీ దొరకడం లేదటే. నువ్వు రోజూ అక్కడే ఉంటావుగా. ఎవరి దగ్గరుందో నీకు తెలియకుండా ఉంటుందా?"

చిట్టికి గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టరు తన వైపు తిరిగినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. అక్క అడిగినందుకు కాదు. పొద్దున్న ఆ కుర్రాడి ముందు దొర కూర్చున్నప్పుడు, ఇన్‌స్పెక్టరుని పిలవడానికి చెయ్యి ఎత్తేముందు, ఆ సంచీలో ఎంత ఉంటుంది, అక్కకి ఎన్నాళ్ళొస్తుంది అని తను అప్పటికే లెక్క వేసుకుంది.

"చూస్తానక్కా," అంది. కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.